ఎర్రర్ పోయింది, మరి డేటాబేస్ బాగైందా?

డేటాబేస్ మైగ్రేషన్, అంటే టేబుళ్ల రూపాన్ని స్క్రిప్ట్‌లతో మార్చే పని, ఫెయిలైతే చాలా టీమ్‌లలో జరిగేది ఒకటే. ఎర్రర్ మెసేజ్‌ని కాపీ చేసి వెతుకుతారు, పైన కనిపించిన జవాబులోని కమాండ్‌ని నడిపేస్తారు. దీనికి ఫ్లైవే అనే టూల్ వాడేవాళ్లయితే రిపేర్ అనే కమాండ్. లిక్విబేస్ అయితే క్లియర్ చెక్‌సమ్స్, లేకపోతే రిలీజ్ లాక్స్. జాంగో అయితే ఫేక్. ఎర్రర్ పోతుంది, కోడ్‌ని పరీక్షించి పంపే పైప్‌లైన్ పచ్చబడుతుంది, టికెట్ మూసేస్తారు.

ఈ కమాండ్లు డేటాబేస్‌లో ఒక్క టేబుల్‌ని కూడా సరిచేయవు. టూల్ తన కోసం రాసుకున్న లెక్కని దిద్దుతాయి, అంతే. లెక్క దిద్దితే సరిపోయే సందర్భాలు నిజంగానే ఉన్నాయి, వాటి గురించి కూడా చెబుతాను. కానీ నేను చూసిన వాటిలో చాలాసార్లు ఆ ఎర్రర్ ఒక నిజమైన తేడాని పట్టిచ్చింది. దాన్ని నోరు నొక్కేసి పంపించారు. ఆ తేడా అక్కడే ఉండిపోయి, నెలల తర్వాత, మైగ్రేషన్‌తో సంబంధం ఉందని ఎవరికీ తట్టని రూపంలో బయటపడింది.

అసలు ఈ టూల్స్‌కి ఏం తెలుసో చూద్దాం. ఫ్లైవే మీ డేటాబేస్‌లో ఫ్లైవే_స్కీమా_హిస్టరీ అనే టేబుల్ పెట్టుకుంటుంది. నడిచిన ప్రతి స్క్రిప్ట్‌కీ ఒక రో: వెర్షన్, ఫైలు పేరు, చెక్‌సమ్ (ఫైలులోని రాత నుంచి లెక్కించిన గుర్తు), ఎవరు నడిపారు, ఎప్పుడు, ఎంతసేపు పట్టింది, సక్సెస్ అయిందా లేదా. లిక్విబేస్‌కి డేటాబేస్‌చేంజ్‌లాగ్, దాని పక్కనే తాళం కోసం డేటాబేస్‌చేంజ్‌లాగ్‌లాక్. రెయిల్స్‌కి స్కీమా_మైగ్రేషన్స్, జాంగోకి జాంగో_మైగ్రేషన్స్, అలెంబిక్‌కి ఒకే ఒక్క కాలమ్ ఉన్న అలెంబిక్_వెర్షన్. మైగ్రేట్ చేసేటప్పుడు ఈ టూల్స్ చూసేది ఈ టేబుల్‌నీ, మీ ఫోల్డర్‌లోని ఫైళ్లనీ. ఆర్డర్స్ టేబుల్‌లో ఆ కాలమ్ నిజంగా ఉందా, ఇండెక్స్ పనిచేస్తోందా అని తమంతట తాము వెళ్లి చూడవు. హాజరు పట్టీలో టిక్కు ఉన్నంత మాత్రాన పిల్లవాడు క్లాసులో కూర్చున్నట్టు కాదు కదా, ఇదీ అంతే.

కాబట్టి ఎప్పుడూ మూడు సంగతులు ఉంటాయి: గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్ర దాచే టూల్‌లో) ఉన్న ఫైళ్లు, హిస్టరీ టేబుల్ చెబుతున్న కథ, డేటాబేస్ అసలు రూపం. ఏ మైగ్రేషన్ ఎర్రర్ అయినా దాదాపుగా ఈ మూడింటిలో ఏవో రెండింటికి పొత్తు కుదరకపోవడమే. ఏ రెండింటికి కుదరలేదో తేలేదాకా ఏ కమాండూ నడపకూడదన్నది నా పట్టుదల. తేల్చడం మొదలుపెట్టాల్సింది మూడో దాని నుంచి, అంటే డేటాబేస్ నుంచి. అందరూ మొదలుపెట్టేది ఫైళ్ల నుంచి, ఎందుకంటే ఎడిటర్‌లో ముందు కనబడేవి అవే.

చెక్‌సమ్ తేడా విషయం కాస్త దగ్గరగా చూద్దాం. వీ12 అనే స్క్రిప్ట్ ఆర్డర్స్ టేబుల్‌ని సృష్టిస్తుంది, అందులో అమౌంట్ కాలమ్ డెసిమల్ 10, 2, అంటే మొత్తం 10 అంకెలు, వాటిలో 2 దశాంశం తర్వాత. అది ప్రొడక్షన్‌లో, అంటే నిజమైన యూజర్లు వాడే డేటాబేస్‌లో, నడిచిపోయింది. ఆ సంగతి తెలియని ఒక డెవలపర్, మొత్తాలు పెద్దవి రావొచ్చని ఆలోచించి అదే ఫైలులో 10ని 12గా మార్చాడు. అతని లాప్‌టాప్‌లో డేటాబేస్ కొత్తగా కట్టుకుంటుంది కాబట్టి అన్నీ బాగానే నడిచాయి. ప్రొడక్షన్‌లో ఫ్లైవే ఆగిపోయింది: వీ12 చెక్‌సమ్ కలవడం లేదంది. ఎవరో రిపేర్ కొట్టారు. ఇప్పుడు హిస్టరీ టేబుల్‌లో కొత్త ఫైలు చెక్‌సమ్ ఉంది, ఫైలుకీ హిస్టరీకీ పొత్తు కుదిరింది. డేటాబేస్‌లో మాత్రం కాలమ్ ఇంకా 10, 2గానే ఉంది. టెస్ట్‌లో 12, 2. దశాంశానికి ముందు 8 అంకెలు దాటిన మొత్తం వచ్చిన రోజున పోస్ట్‌గ్రెస్ న్యూమరిక్ ఫీల్డ్ ఓవర్‌ఫ్లో అని మొరాయిస్తుంది. టెస్ట్‌లో ఎంత ప్రయత్నించినా అది రాదు. కోడ్‌లో వెతుకుతారు, లైబ్రరీని అనుమానిస్తారు. వీ12ని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే హిస్టరీ టేబుల్ అంతా సవ్యంగా ఉందంటోంది. ఒకప్పుడు ఉన్న సాక్ష్యాన్ని రిపేర్ చెరిపేసింది.

చేయాల్సింది మామూలు పని. వీ12ని గిట్ నుంచి పాత రూపానికి తెచ్చి, కాలమ్ వెడల్పు పెంచే మార్పుని వీ13గా రాయాలి. పాత రూపం ఏదో గుర్తులేకపోతే దానికీ దారి ఉంది. ఆ ఫైలుని తాకిన కమిట్లు గిట్ లాగ్‌లో దొరుకుతాయి. ఒక్కో కమిట్‌లోని రూపాన్ని పెట్టి ఫ్లైవే వ్యాలిడేట్ నడపండి. వ్యాలిడేట్ ఏమీ మార్చదు, పోల్చి చెబుతుంది. ఏ కమిట్ దగ్గర ఎర్రర్ మాయమైతే ప్రొడక్షన్‌లో నడిచింది అక్షరాలా ఆ రూపమే. చెక్‌సమ్ అంటే అందరికీ చిరాకు కానీ, ఆ రోజు ఏం నడిచిందో చెప్పగల సాక్షి అదొక్కటే. అందుకే దాన్ని దిద్దే ముందు ఆ రో మొత్తాన్ని కాపీ చేసి టికెట్‌లో అతికించమని నేను గట్టిగా అడుగుతాను.

రిపేర్ సరైన మందు అయ్యే సందర్భం కూడా ఇక్కడే తెలుస్తుంది. పాత రూపానికీ కొత్త రూపానికీ గిట్ డిఫ్ తీస్తే తేడా ఒక కామెంట్ మాత్రమే అనుకోండి, లేదా ఫార్మాటర్ పెట్టిన ఖాళీలు మాత్రమే అనుకోండి. అప్పుడు నిస్సంకోచంగా రిపేర్ చేయొచ్చు. ఫ్లైవే ఫైలుని లైను లైనుగా చదివి చెక్‌సమ్ లెక్కిస్తుంది కాబట్టి విండోస్, లినక్స్ లైన్ ఎండింగ్స్ తేడా వల్ల మారదు. లైను లోపలి ఖాళీలు మారితే మాత్రం మారుతుంది. 'లైన్ ఎండింగ్స్ వల్లే అయ్యుంటుందిలే' అని ఎవరైనా తేల్చేస్తే డిఫ్ చూపించమని అడగండి.

లిక్విబేస్‌లో చెక్‌సమ్ కథ కొంచెం వేరు. అక్కడ టూల్ అప్‌గ్రేడ్ వల్ల కూడా విలువ మారొచ్చు. 2023లో వచ్చిన 4.22లో లెక్కించే పద్ధతే మారింది. ఎండీ5సమ్ కాలమ్‌లో కోలన్‌కి ముందుండే అంకె 8 నుంచి 9 అయితే కారణం అదే. ఒకే డేటాబేస్ మీద ఒక సర్వీస్ పాత లిక్విబేస్‌తోనూ ఇంకోటి కొత్తదానితోనూ నడుస్తుంటే గొడవ మొదలవుతుంది. అక్కడ దిద్దాల్సింది డిపెండెన్సీ వెర్షన్లని.

దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది లిక్విబేస్ చేంజ్‌సెట్‌ని గుర్తుపట్టే పద్ధతి. చేంజ్‌సెట్ అంటే ఒకసారి నడిపే మార్పు; ఐడీ, ఆథర్, ఫైలు పాత్, ఈ మూడూ కలిస్తేనే అది ఒక చేంజ్‌సెట్. ఎవరో ఫోల్డర్లు సర్దుదామని ఫైలుని ఇంకో చోటికి జరిపితే లిక్విబేస్ లెక్కలో అది కొత్త చేంజ్‌సెట్. మళ్లీ నడుపుతుంది. టేబుల్ సృష్టించేదైతే 'ఇప్పటికే ఉంది' అని ఎర్రర్ వస్తుంది, అది అదృష్టం. డేటా ఇన్సర్ట్ చేసేదైతే, యూనిక్ కన్‌స్ట్రెయింట్ కూడా లేకపోతే, నిశ్శబ్దంగా రెండోసారి ఇన్సర్ట్ అవుతుంది. పాత ఫైళ్లకి లాజికల్ ఫైల్ పాత్ ఇచ్చి, పాత దారినే దానికి విలువగా పెడితే ఈ ముప్పు ఉండదు. రిపోజిటరీ సర్దే పుల్ రిక్వెస్ట్‌లో చేంజ్‌లాగ్ ఫైళ్లు జరిగాయంటే దాన్ని డేటాబేస్ మార్పుగానే రివ్యూ చేయాలి.

ఇక మైఎస్‌క్యూఎల్ దగ్గరికి వద్దాం, సగం నడిచి ఆగిపోయే మైగ్రేషన్లకి అది పెట్టింది పేరు. పోస్ట్‌గ్రెస్‌లో చాలావరకు స్కీమా (టేబుళ్ల నిర్మాణం) మార్పులు ట్రాన్సాక్షన్‌లో భాగం, ఫెయిలైతే మొత్తం వెనక్కి పోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ దాదాపు అంతే. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ అలా కాదు, టేబుల్ రూపాన్ని మార్చే ప్రతి ఆల్టర్ టేబుల్ కమాండ్‌కీ తమంతట తామే కమిట్ చేసేస్తాయి. 2018లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0లో అటామిక్ డీడీఎల్ (డీడీఎల్ అంటే స్కీమాని మార్చే కమాండ్లు) ఉందని విని ఈ సమస్య పోయిందనుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు. అది ఒక్కో స్టేట్‌మెంట్‌కి ఇచ్చే హామీ. ఒక ఆల్టర్ సగంలో క్రాష్ అయితే ఆ ఆల్టర్ పూర్తిగా ఉంటుంది, లేదా పూర్తిగా ఉండదు. ఫైలులోని మూడు స్టేట్‌మెంట్లని ఒక కట్టగా వెనక్కి తీసుకురాదు.

వీ20లో మూడు పనులున్నాయనుకోండి. కస్టమర్స్ టేబుల్‌కి కొత్త కాలమ్, దాన్ని నింపే అప్‌డేట్, దాని మీద యూనిక్ ఇండెక్స్. టెస్ట్‌లో నడిచింది. ప్రొడక్షన్‌లో డూప్లికేట్లు ఉండటంతో మూడోది ఫెయిలైంది. కాలమ్ వచ్చేసింది, నిండిపోయింది, ఇండెక్స్ లేదు. హిస్టరీలో సక్సెస్ సున్నా. రిపేర్ కొడితే ఆ ఫెయిలైన రో పోతుంది. మళ్లీ మైగ్రేట్ చేస్తే ఈసారి డూప్లికేట్ కాలమ్ నేమ్ అంటుంది. ఇక్కడ టెన్షన్ మొదలవుతుంది. కొందరు ఫైలుని ఎడిట్ చేసి మొదటి రెండు స్టేట్‌మెంట్లు తీసేస్తారు. దాంతో టెస్ట్‌లో చెక్‌సమ్ తప్పుతుంది, అక్కడ కూడా రిపేర్. ఇకపై కొత్తగా కట్టే ఏ డేటాబేస్‌లోనూ ఆ కాలమే ఉండదు.

నేనైతే షో క్రియేట్ టేబుల్‌తో మొదలుపెడతాను. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది అక్కడ కళ్లెదుట ఉంటుంది. కొత్త కాలమ్‌ని ఇంకా ఏ కోడూ వాడటం లేదని నిర్ధారించుకుని, దాన్ని డ్రాప్ చేసి డేటాబేస్‌ని వీ20కి ముందున్న స్థితికి తెస్తాను. డూప్లికేట్లని వేరే స్క్రిప్ట్‌తో, ఇంకొకరు చదివాక, సరిచేస్తాను. అప్పుడు రిపేర్, ఆ తర్వాత ఏమాత్రం మార్చని వీ20. ఇప్పుడు నడిపిన రిపేర్ నిజం చెబుతోంది: వీ20 ఇక్కడ నడవలేదు, దాని ఆనవాళ్లు కూడా లేవు. కమాండ్ అదే, దానికి ముందు చేసిన పని వేరు. అసలు మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ మీద పనిచేసేవాళ్లు ఒక ఫైలులో ఒక్క స్కీమా మార్పే పెట్టుకుంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. ఫైళ్లు ఎక్కువవుతాయని విసుక్కోవద్దు.

పోస్ట్‌గ్రెస్‌ని పొగిడాను కాబట్టి దాని చిక్కు కూడా చెప్పాలి. అక్కడ వచ్చే ఫిర్యాదు ఎక్కువగా 'మైగ్రేషన్ హ్యాంగ్ అయింది, సైటూ ఆగిపోయింది' అని. ఆల్టర్ టేబుల్ చాలా రూపాల్లో యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్ (ఆ టేబుల్‌ని ఇంకెవరూ చదవకుండా కూడా ఆపే తాళం) అడుగుతుంది. అదే టేబుల్ మీద ఎవరో పెద్ద రిపోర్ట్ నడుపుతుంటే ఆల్టర్ వెయిట్ చేస్తుంది. దాని వెనకాల వచ్చిన ప్రతి మామూలు సెలెక్ట్ కూడా క్యూలో నిలబడిపోతుంది. మిల్లీసెకన్లలో ముగిసే ఆల్టర్ సైట్‌ని పడుకోబెట్టేది ఇలాగే. పీజీ_స్టాట్_యాక్టివిటీ చూసి, పీజీ_బ్లాకింగ్_పిడ్స్‌తో ఎవరు ఎవరిని ఆపుతున్నారో పట్టుకోవచ్చు. స్క్రిప్ట్ మొదట్లోనే లాక్_టైమవుట్ కొన్ని సెకన్లకి పెట్టి, దొరక్కపోతే ఫెయిలై మళ్లీ ప్రయత్నించేలా రాస్తే క్యూ పెరగదు. ఫెయిలవడం ఇక్కడ మంచి ఫలితం.

ఇండెక్స్ సంగతి ఇంకా మాయదారిది. లైవ్ టేబుల్ మీద క్రియేట్ ఇండెక్స్ కంకరెంట్లీ వాడాలి, అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. పైగా అది పాత ట్రాన్సాక్షన్లు ముగిసేదాకా వెయిట్ చేస్తుంది. కొన్ని ఫ్లైవే వెర్షన్లలో ఫ్లైవే తన తాళం కోసం తనే ఒక ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచుతుంది. ఇండెక్స్ దాని కోసం, అది ఇండెక్స్ కోసం, రెండూ కదలవు. పోస్ట్‌గ్రెస్ ట్రాన్సాక్షనల్ లాక్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే ఆ ముడి విడిపోతుంది. ఇంతలో విసుగొచ్చి ఎవరో ఆ ప్రాసెస్‌ని చంపేశారనుకోండి. ఇండెక్స్ పేరు మిగిలిపోతుంది, కానీ ఇన్‌వ్యాలిడ్‌గా. క్వెరీలు దాన్ని వాడవు, రాసే ప్రతి రోకీ దాని భారం మాత్రం పడుతుంది. స్క్రిప్ట్‌లో జాగ్రత్త కోసం ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్ పెట్టి ఉంటే, మళ్లీ నడిపినప్పుడు పోస్ట్‌గ్రెస్ పేరు చూసి 'ఉందిగా' అని దాటేస్తుంది. హిస్టరీలో సక్సెస్ అని పడుతుంది. ఎర్రర్ లేదు, పచ్చటి పైప్‌లైన్, పనిచేయని ఇండెక్స్. పీజీ_ఇండెక్స్‌లో ఇండిస్‌వ్యాలిడ్ కాలమ్ ఫాల్స్ ఉన్న వరుసలున్నాయా అని చూసే ఒక్క క్వెరీ దీన్ని పట్టేస్తుంది. మైగ్రేషన్ తర్వాత అది నడపని టీమ్‌లే ఎక్కువ.

లిక్విబేస్ తాళం గురించి వచ్చే ప్రశ్నలు లెక్కలేనన్ని. 'చేంజ్‌లాగ్ లాక్ కోసం వేచి ఉన్నాం' అని లాగ్‌లో వరుసగా పడుతుంది, చివరికి అప్లికేషన్ లేవకుండానే పోతుంది. లిక్విబేస్ తాళం టేబుల్‌లో ఒక రో కాబట్టి, నడుపుతున్న ప్రాసెస్ చచ్చిపోయినా ఆ రో అలాగే ఉంటుంది. అప్లికేషన్ కాపీలని పాడ్‌లుగా నడిపే కుబర్నెటీస్‌లో ఇది తరచూ జరుగుతుంది. అప్లికేషన్ లేస్తూనే మైగ్రేషన్ మొదలుపెడుతుంది, అది కాస్త ఎక్కువసేపు పడితే లైవ్‌నెస్ ప్రోబ్ అనే తనిఖీ 'ఇది బతికిలేదు' అని పాడ్‌ని చంపేస్తుంది. రిలీజ్ లాక్స్ నడిపితే తాళం తెరుచుకుంటుంది. కానీ ముందు లాక్డ్‌బై కాలమ్‌లోని హోస్ట్ ఇంకా ఉందా, డేటాబేస్‌లో దాని సెషన్ ఇంకా ఏదైనా నడుపుతోందా అని చూడాలి. ప్రాసెస్ పోయినా సర్వర్‌లో ఆ ఆల్టర్ ఇంకా నడుస్తూ ఉండొచ్చు. అప్పుడు తాళం తెరిస్తే రెండు మైగ్రేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. మైగ్రేషన్‌ని అప్లికేషన్ స్టార్టప్ నుంచి విడదీసి వేరే జాబ్‌గా నడపడమే దీనికి అసలు మందని నా అభిప్రాయం. స్టార్టప్‌లో నడపడం చిన్న ప్రాజెక్టులకి హాయిగానే ఉంటుంది, పాడ్‌లు పెరిగాక ఉండదు.

బ్రాంచ్‌లు మెర్జ్ అయినప్పటి గొడవలకి టూల్స్ మంచి జవాబులే ఇచ్చాయి. ఇద్దరూ వీ31 రాస్తే గొడవ కాబట్టి రెయిల్స్ 2008లో, 2.1తో, టైమ్‌స్టాంపులకి మారింది. అలెంబిక్ రెండు హెడ్‌లున్నాయని, జాంగో రెండు లీఫ్ నోడ్‌లున్నాయని (రెండు మాటలకీ అర్థం, వరుసకి రెండు చివర్లున్నాయని) ఆపేస్తాయి, మెర్జ్ కమాండ్ ఇస్తాయి. మెర్జ్ చేసేది వరుసని మాత్రమే. ఒకరు కాలమ్ పేరు మార్చి, ఇంకొకరు పాత పేరు మీద ఇండెక్స్ కట్టి ఉంటే, మెర్జ్ ఫైలు దాన్ని చూడదు. ఖాళీ డేటాబేస్ మీద మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడటమే దానికి పరీక్ష.

రోల్‌బ్యాక్ విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. మార్పుని వెనక్కి తీసే డౌన్ స్క్రిప్ట్‌ల మీద పెట్టుకునే నమ్మకం చాలావరకు పొరపాటు. కాలమ్ డ్రాప్ చేశాక దాన్ని తిరిగి చేర్చే స్క్రిప్ట్ ఖాళీ కాలమ్‌ని ఇస్తుంది, డేటాని ఇవ్వదు. ఫ్లైవే అన్‌డూ కూడా మైగ్రేషన్ మొత్తం సక్సెస్ అయిందనే ఊహ మీద పనిచేస్తుంది, మైఎస్‌క్యూఎల్‌లో సగంలో ఆగినదాన్ని అది కాపాడలేదు. వాడి చూడని రక్షణ ఎలా ఉంటుందో కోడ్ దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్ 2017 జనవరి 31న చూసింది. ప్రైమరీ డేటాబేస్ డైరెక్టరీ పొరపాటున చెరిగిపోయాక వెతికితే పీజీ_డంప్ బ్యాకప్‌లు అసలు లేవు. డేటాబేస్ 9.6, డంప్ తీసే ప్రోగ్రామ్ 9.2. అది ప్రతిసారీ ఫెయిలవుతూనే ఉంది, ఆ ఫెయిల్యూర్ ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. దాదాపు 6 గంటల డేటా పోయింది. ఈ వివరాలన్నీ వాళ్లే బయటపెట్టారు, అందుకు వాళ్లని మెచ్చుకోవాలి. ఎప్పుడూ నడవని డౌన్ స్క్రిప్ట్ కూడా అలాంటి బ్యాకప్ లాంటిదే.

అందుకే ముందుకే వెళ్లాలంటాను. కాలమ్ పేరు మార్చాలంటే కొత్త కాలమ్ చేర్చి, కోడ్ రెండింటిలోనూ రాసేలా చేసి, పాత డేటాని చిన్న చిన్న భాగాలుగా నింపి, చదవడాన్ని కొత్తదానికి మార్చి, పాతదాన్ని తర్వాతి రిలీజ్‌లలో ఎప్పుడో తీసేయాలి. దీర్ఘమే. కానీ ప్రతి అడుగు దగ్గరా పాత కోడూ కొత్త కోడూ రెండూ నడుస్తాయి, తప్పు దొర్లితే కోడ్‌ని వెనక్కి తీసుకుంటే చాలు, స్కీమాని తాకక్కర్లేదు.

'అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఇవన్నీ చూసే తీరిక ఎవరికి?' అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ నేను అడుగుతున్నది మూడు క్వెరీలు: టేబుల్ అసలు రూపం, హిస్టరీలో చివరి కొన్ని రోలు, ఇప్పుడు నడుస్తున్న సెషన్లు. వీటి ఫలితాలు ఎక్కడైనా అతికించి ఆ తర్వాత మీరు నడపదలచింది నడపండి. తొందరలో తప్పు నిర్ణయం తీసుకున్నా, తెల్లారాక సరిచేయడానికి ఆధారం మిగులుతుంది. ఆధారం లేకుండా నడిపిన రిపేర్‌ని తర్వాత ఎవరూ విప్పలేరు.

ఇంకొందరు ఈ స్క్రిప్ట్‌ల గోల వదిలేసి, కావలసిన రూపాన్ని రాస్తే చాలు, తేడాని టూలే లెక్కేసుకునే పద్ధతికి వెళ్లమంటారు. ఎస్‌ఎస్‌డీటీ, స్కీమా (Skeema అనే టూల్), అట్లాస్ లాంటివి. వాటిలో నాకు నచ్చేది, అవి అసలు డేటాబేస్‌ని చూస్తాయి. కానీ కాలమ్ పేరు మారిందో, ఒకటి పోయి ఇంకోటి వచ్చిందో రెండు రూపాలని పోల్చి చెప్పడం కుదరదు, ఆ సంగతి మనిషే విడిగా చెప్పాలి. డేటా తరలింపు ఎలాగూ మనిషే రాయాలి. వాటి ప్లాన్‌ని చదవకుండా అప్లై కొట్టడం, చదవకుండా రిపేర్ కొట్టడం ఒకటే.

ఏ టూల్ వాడినా పెట్టుకోదగ్గ ఏర్పాటు ఒకటుంది. రోజుకోసారి, ఖాళీ డేటాబేస్ మీద మైగ్రేషన్లన్నీ నడిపి దాని స్కీమా డంప్ తీయండి. ప్రొడక్షన్ నుంచి డేటా లేకుండా స్కీమా డంప్ మాత్రమే తీయండి. పోస్ట్‌గ్రెస్‌లో స్కీమా ఓన్లీ, మైఎస్‌క్యూఎల్‌లో నో డేటా ఆప్షన్ దీనికే ఉన్నాయి. రెండింటికీ డిఫ్ చూడండి. మొదటి రోజు ఫలితం చూసి గుండె ఝల్లుమంటుంది: కాలమ్‌ల వరుస తేడాలు, ఆటో ఇంక్రిమెంట్ విలువలు, వాటి మధ్యలో ఎవరో ఎప్పుడో చేత్తో పెట్టిన ఇండెక్స్. అనవసరమైన తేడాలని వడగట్టాక మిగిలినవి ఒక్కొక్కటిగా మైగ్రేషన్లుగా రాయాలి, లేదా ప్రొడక్షన్ నుంచి తీసేయాలి. ఆ డిఫ్ ఖాళీ అయ్యాక, ప్రొడక్షన్‌లో ఆల్టర్ చేసే హక్కుని మనుషుల అకౌంట్ల నుంచి తీసేయండి. అత్యవసరానికి ఒక అకౌంట్ ఉంచి, దాని వాడకం లాగ్ అయ్యేలా చూడండి. దానితో ఏ మార్పు చేసినా అదే రోజు గిట్‌లో ఒక మైగ్రేషన్ ఫైలు రావాలి. మర్నాటి డిఫ్‌లో ఆ తేడా కనిపిస్తే ఆ ఫైలు రాలేదని అర్థం.